చూసినవారు చెబితే వినేదెవరు?

ఇంగ్లండ్‌లో కేర్ హోమ్‌లో కొత్తగా పనికి చేరినవారికి మొదటి వారాల్లోనే ఒక పాఠం చెబుతారు. మంచం మీదున్న మనిషిని ఎలా లేపి కూర్చోబెట్టాలి, చేతులు ఎలా కడుక్కోవాలి అనే పాఠాల పక్కనే అదీ ఉంటుంది. వృద్ధాప్యం వల్లో, వైకల్యం వల్లో, మానసిక అనారోగ్యం వల్లో తమను తాము కాపాడుకోలేని వారిపై హింస, నిర్లక్ష్యం జరుగుతుంటే ఎలా గుర్తుపట్టాలి, గుర్తుపట్టాక ఏం చేయాలి అన్నది ఆ పాఠం. అక్కడ దాన్ని సేఫ్‌గార్డింగ్ అంటారు. మన రెండు రాష్ట్రాల నుంచి చదువుకోడానికి వెళ్లి, వారానికి 20 గంటలు కేర్ హోమ్‌లలో పనిచేసిన విద్యార్థులకు ఆ మాట బాగా తెలుసు. 2022 ఫిబ్రవరిలో కేర్ వర్కర్లకు వీసా తలుపులు తెరిచాక వెళ్లినవారికీ తెలుసు. వాళ్లలో చాలామంది స్వదేశంలో తమ నానమ్మను, తాతయ్యను ఎవరు ఎలా చూసుకుంటున్నారో ఫోన్లో కనుక్కుంటూ, పరాయి దేశపు ముసలివాళ్లను కాపాడే పద్ధతులు నేర్చుకున్నారు.

ఆ పాఠం వెనక యాభై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. కొన్ని ఘోరాలున్నాయి, కొంత పరిశోధన ఉంది. అవన్నీ కలిపి చూస్తే నాకు తేలింది ఒకటే. ఈ శిక్షణ గుర్తుపట్టడం నేర్పగలదు, కాపాడటం మాత్రం దాని ఒక్కదాని వల్ల అయ్యే పని కాదు. చెప్పింది విని తీరాల్సిన బాధ్యత ఎవరిమీదా లేనిచోట, చెప్పినందుకు కూడు పోయేచోట, నేర్చుకున్నదంతా సర్టిఫికెట్‌లోనే ఉండిపోతుంది.

ముందు చరిత్ర. 1967లో వేల్స్‌లోని కార్డిఫ్ నగరంలో, మానసిక ఎదుగుదల లోపించినవారిని ఉంచే ఈలీ ఆసుపత్రిలో రోగులను కొడుతున్నారనీ, వాళ్ల తిండీ బట్టా సిబ్బందే కాజేస్తున్నారనీ ఒక కింది స్థాయి ఉద్యోగి పత్రికకు చెప్పాడు. న్యాయవాది జెఫ్రీ హౌ నేతృత్వంలో విచారణ జరిగి, 1969లో నివేదిక వచ్చింది. ఆరోపణలు చాలావరకు నిజమని తేలింది. ఆసుపత్రులను తనిఖీ చేసే ప్రత్యేక ఏర్పాటు ఆ తరవాతే పుట్టింది. ఇళ్ల లోపల జరిగేది వెలుగులోకి రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 1975లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో బర్‌స్టన్ అనే వైద్యుడు ఒక చిన్న ఉత్తరం రాశాడు. కొట్టిన దెబ్బలతో ఆసుపత్రికి వస్తున్న ముసలమ్మల గురించి అందులో ఉంది. పిల్లల మీద హింసను గుర్తించడం నేర్చుకుంటున్న వైద్యులు ముసలివాళ్ల మీద హింసనూ గమనించాలన్నది ఆయన మాట. 2000లో ఆరోగ్య శాఖ 'నో సీక్రెట్స్' అనే మార్గదర్శకాలు విడుదల చేసి, ఈ పనికి స్థానిక కౌన్సిళ్లు ముందుండి నడవాలంది. కానీ అది చట్టం కాదు. కేర్ యాక్ట్ 2014లో వచ్చి, 2015 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాకే అది చట్టబద్ధమైన విధి అయింది.

ఆ చట్టం 42వ సెక్షన్ మూడు ప్రశ్నలు వేస్తుంది. ఈ మనిషికి ఇతరుల సాయం అవసరమా? హింస గానీ నిర్లక్ష్యం గానీ జరుగుతోందా, జరిగే ప్రమాదం ఉందా? ఆ సాయం అవసరమైన స్థితి వల్లే తనను తాను కాపాడుకోలేకపోతున్నారా? మూడింటికీ అవునని తోస్తే కౌన్సిల్ విచారించి తీరాలి. కుదిరితే చూద్దాం అనడానికి వీల్లేదు. కింది స్థాయి సిబ్బందికి ఇచ్చే శిక్షణకు బలమంతా ఇక్కడి నుంచే వస్తుంది. చూసింది చెబితే, ఆ మాట చేరేచోట ఒకరు కదలక తప్పదు.

ఇక పాఠంలో ఏముంటుంది? ఆ చట్టం కింద వచ్చిన మార్గదర్శకాలు పది రకాలు చెబుతాయి. కొట్టడం, లైంగిక హింస, మాటలతో మనసు విరచడం, డబ్బు కాజేయడం, ఇంటివాళ్ల హింస, వెట్టిచాకిరీ, వివక్ష, సంస్థలోనే పాతుకుపోయిన చెడ్డ పద్ధతులు, నిర్లక్ష్యం, ఆ మనిషి తనను తానే పట్టించుకోకపోవడం. అధికారిక లెక్కల్లో ముందువరసలో ఉండేది కొట్టడం కాదు, నిర్లక్ష్యం. ఇంగ్లండ్‌లో ఏడాదికి 6 లక్షలకు పైగా ఫిర్యాదులు కౌన్సిళ్లకు వస్తున్నాయి. విచారణ దాకా వెళ్లినవాటిలో నిర్లక్ష్యానిదే పెద్ద వాటా, జరిగిన చోటుగా ఎక్కువసార్లు నమోదయ్యేది బాధితుల సొంత ఇల్లే. చెడ్డ కేర్ హోమ్ అనే బొమ్మ మన కళ్ల ముందు నిలబడుతుంది గానీ, లెక్కలు ఇంటి గుమ్మం వైపు చూపిస్తాయి.

నిర్లక్ష్యాన్ని పట్టుకోవడం కష్టం, ఎందుకంటే అక్కడ జరిగింది కనపడదు, జరగనిది మాత్రమే ఉంటుంది. నీళ్ల గ్లాసు చేతికి అందనంత దూరంలో పెట్టడం. పిలిచే గంటను మంచం వెనక్కి జరపడం. కళ్లజోడు, వినికిడి యంత్రం సొరుగులోనే ఉంచేయడం. రాత్రంతా తడిసిన పక్క మార్చకపోవడం. తిండి ముందు పెట్టి, తినలేదని రాసుకుని, పళ్లెం తీసుకెళ్లిపోవడం. ఏ ఒక్కటీ నేరంలా తోచదు. నెల తిరిగేసరికి బరువు తగ్గుతుంది, నడుము కింద పడక పుండు లేస్తుంది. మంచి శిక్షకులు ఈ చిన్న విషయాల దగ్గరే ఎక్కువసేపు ఆగుతారు. పై చేతి మీద వేళ్ల అచ్చుల్లాంటి కమిలిన గుర్తులు, ఫలానా మనిషి గదిలోకి రాగానే మాట ఆగిపోవడం, పెన్షన్ ప్రతి నెలా డ్రా అవుతున్నా ఒంటి మీద అవే చిరిగిన బట్టలు ఉండటం కూడా చూడమంటారు.

గుర్తుపట్టాక చేయాల్సినవి కొన్నే, కానీ ప్రతిదానికీ కారణం ఉంది. చెప్పేది చివరిదాకా వినాలి. 'ఎవరికీ చెప్పను' అని మాట ఇవ్వకూడదు, ఎందుకంటే ఆ మాట నిలబెట్టుకోవడం కుదరదు. పోలీసులా గుచ్చి గుచ్చి అడగకూడదు, తరవాత కోర్టులో ఆ ప్రశ్నలే సాక్ష్యాన్ని చెడగొడతాయి. లైంగిక దాడి అనుమానం ఉంటే స్నానం చేయించకూడదు, బట్టలు ఉతకకూడదు. శుభ్రం చేయాలన్న మన మంచి బుద్ధే అక్కడ ఆధారాలు తుడిచేస్తుంది. విన్నది విన్నట్టు, బాధితుల మాటల్లోనే, తేదీ, సమయం వేసి రాయాలి. పైవారికి చెప్పాలి. ఆ పైవారి మీదే అనుమానం ఉంటే వాళ్లను దాటి కౌన్సిల్‌కు గానీ, తనిఖీ సంస్థ కేర్ క్వాలిటీ కమిషన్‌కు గానీ చెప్పాలి.

ఈ పాఠంలో తెలుగువారికి అన్నిటికంటే కొరుకుడుపడనిది వేరే ఉంది. 2005 నాటి మెంటల్ కెపాసిటీ యాక్ట్ ప్రకారం, సొంత నిర్ణయాలు తీసుకునే శక్తి ప్రతి వయోజనుడికీ ఉందనే మొదట అనుకోవాలి. లేదని ఎవరైనా అంటే నిరూపించాల్సింది వాళ్లే. నిర్ణయం తెలివితక్కువదిగా ఉన్నంత మాత్రాన శక్తి లేదనకూడదు. షుగర్ ఉన్న తాత స్వీటు తింటానంటే చేతిలోంచి లాక్కోవడం ప్రేమ అనుకుంటూ పెరిగినవాళ్లం మనం. 'ఆయనకేం తెలుసు, ఆయన్ని అడిగేదేంటి' అన్న మాట మన ఇళ్లలో ఎంత మామూలో చెప్పక్కర్లేదు. బాధితులను ముందుగా 'మీకు ఏం కావాలి?' అని అడగమంటుంది అక్కడి శిక్షణ. పెన్షన్ డబ్బు కొడుకు తినేస్తున్న తల్లి చాలాసార్లు కోరేది కొడుకును జైల్లో పెట్టమని కాదు. డబ్బు తన చేతికి రావాలి, కొడుకు రాకపోకలూ ఉండాలి అంటుంది. ఆ కోరికను పక్కనపెట్టి చేసే రక్షణ కూడా ఆమెకు ఇంకో బలవంతమే అవుతుంది.

అలాగని ఆ మాటను పైపైన పట్టుకుంటే ఎంత దారుణం జరుగుతుందో కార్న్‌వాల్‌లో తేలింది. సెయింట్ ఆస్టెల్ పట్టణంలో నేర్చుకునే శక్తి తక్కువగా ఉన్న ఒక వ్యక్తి ఒంటరిగా ఉండేవాడు. తనకొస్తున్న సాయం వద్దన్నాడు. ఆయన ఇష్టమని అధికారులు ఆపేశారు. ఆ వద్దనడం వెనక ఆయన ఇంట్లో తిష్ఠ వేసి, డబ్బు లాక్కుంటూ, హింసిస్తున్న మనుషులున్నారని ఎవరూ అడిగి తెలుసుకోలేదు. 2006 జులైలో ఆయన్ను చిత్రహింసలు పెట్టి, రైలు వంతెన మీదికి తీసుకెళ్లి చంపేశారు. పోలీసులకు, ఆసుపత్రికి, కౌన్సిల్‌కు తలా కొంత తెలుసు. ఆ ముక్కలు కలిపినవారు లేరని తరవాతి సమీక్ష చెప్పింది. 'వద్దు' అన్న మాట విన్నప్పుడు 'ఎందుకు వద్దు?' అని, వేరేవాళ్లు పక్కన లేనప్పుడు, ఒకసారి అడగడం శిక్షణలోకి రావడానికి ఇలాంటి చావులే కారణం.

శిక్షణకు ఉన్న హద్దును మాత్రం వింటర్‌బోర్న్ వ్యూ కంటే స్పష్టంగా చూపించింది లేదు. బ్రిస్టల్ దగ్గరి ఆ ప్రైవేటు ఆసుపత్రిలో 24 పడకలు, ఒక్కో రోగికి వారానికి సగటున 3,500 పౌండ్ల ఖర్చు. అక్కడున్నవారు ఆటిజం గానీ, నేర్చుకునే శక్తి లోపం గానీ ఉన్నవారు. కుర్చీల కింద పడేసి తొక్కడం, బట్టలతో సహా చల్లటి నీళ్లు పోయడం, ఏడిపించి నవ్వడం 2011 మే 31న బీబీసీ పనోరమా కార్యక్రమంలో దేశమంతా చూసింది. అక్కడే పనిచేసిన ఒక సీనియర్ నర్సు అంతకు ముందే యాజమాన్యానికి రాశాడు. తనిఖీ సంస్థకూ చెప్పాడు. ఎవరూ కదలకపోతేనే టీవీ దగ్గరికి వెళ్లాడు. కౌన్సిల్‌కు ఆ ఆసుపత్రి నుంచి 40 సేఫ్‌గార్డింగ్ హెచ్చరికలు వచ్చి ఉన్నాయి, పోలీసుల దగ్గర 29 ఘటనలున్నాయి. ఒక్కోదాన్నీ విడివిడిగా చూసి మూసేశారు. 2012లో 11 మందికి శిక్ష పడింది, ఆరుగురు జైలుకెళ్లారు.

ఆ ఏడాదే ఈ ఆసుపత్రి మీద మార్గరెట్ ఫ్లిన్ రాసిన సమీక్షలో నన్ను ఎక్కువగా కలవరపెట్టింది ఆ హింస వర్ణన కాదు. ఆ కంపెనీ విధానాలు, నియమాలు కాగితం మీద చూస్తే ఎంతో బాగున్నాయన్న మాట. సిబ్బందికి శిక్షణ ఇచ్చారు కూడా. అయితే అందులో ఎక్కువ భాగం రోగులను అదుపులో పట్టుకోవడం ఎలా అన్నదాని మీదే సాగింది. పట్టుకోవడమే నేర్పితే పట్టుకుంటారు. 2010లో బలప్రయోగం చేసిన సందర్భాలు ఆ ఆసుపత్రి సొంత రికార్డుల్లోనే 379 ఉన్నాయి. చెప్పిన నర్సుకు గుర్తుపట్టడం వచ్చు, రాయడం వచ్చు, ఎవరికి చెప్పాలో తెలుసు. పాఠం చెప్పినవన్నీ ఆయన చేశాడు. తప్పింది వినేవైపు. 2019లో డరమ్ కౌంటీలోని వోర్ల్‌టన్ హాల్‌లోనూ అలాంటి దృశ్యాలే మళ్లీ కెమెరాకు చిక్కాయి.

వింటర్‌బోర్న్ తరవాత, మిడ్ స్టాఫర్డ్‌షైర్ ఆసుపత్రిలో రోగుల పట్ల నిర్లక్ష్యం మీద వచ్చిన ఫ్రాన్సిస్ విచారణ నివేదిక తరవాత, 2015లో కేర్ సర్టిఫికెట్ వచ్చింది. అప్పట్లో కొత్త సిబ్బంది నేర్చుకోవాల్సినవిగా పెట్టిన 15 ప్రమాణాల్లో పదోది ఈ రక్షణ పాఠం. ఆసుపత్రి సిబ్బందికి ఏ స్థాయివారికి ఎంత శిక్షణ ఉండాలో 2018లో నర్సుల, వైద్యుల సంఘాలు కలిసి ఒక పత్రం తెచ్చాయి. ఆ పత్రంలో అన్నిటికంటే కింది స్థాయివారికి మూడేళ్లలో కనీసం 2 గంటలు, నేరుగా సేవ చేసేవారికి 3, 4 గంటలు, విచారణల్లో పాల్గొనేవారికి 8 గంటలు. ఇది కనీసమే. కానీ కనీసం అన్నది త్వరలోనే సరిపడా అయి కూర్చోవడం మనకు తెలియనిది కాదు. కంప్యూటర్ ముందు కూర్చుని, స్లైడ్లు నొక్కుకుంటూ, చివర పది ప్రశ్నలకు జవాబులు టిక్ పెట్టి బయటపడే శిక్షణలు ఎక్కువయ్యాయి.

పరిశోధన ఏమంటోంది? లండన్ పరిశోధకులు 2002లో ప్రచురించిన ఒక ప్రయోగంలో నర్సులను, సహాయకులను, సామాజిక కార్యకర్తలను రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపుకు ఎదురుగా కూర్చోబెట్టి పాఠం చెప్పారు, రెండోదానికి అదే సమాచారం చదువుకోమని ఇచ్చారు. మనిషి చెప్పిన పాఠం విన్నవారికే జ్ఞానం పెరిగింది. ఆ జ్ఞానం హింసను తగ్గిస్తుందా అన్నదే అసలు ప్రశ్న. వృద్ధులపై హింసను ఆపే ప్రయత్నాల మీద 2016లో వచ్చిన కోక్రేన్ సమీక్షకు ప్రపంచమంతా వెతికితే పనికొచ్చే అధ్యయనాలు ఏడే దొరికాయి. శిక్షణ వల్ల సంబంధితుల జ్ఞానం పెరుగుతుందో లేదో కూడా కచ్చితంగా చెప్పలేం, హింస తగ్గుతుందనడానికి గట్టి ఆధారం లేదు అని తేల్చింది. లక్షల మందికి ఇస్తున్న శిక్షణకు ఇంత పలచటి ఆధారం ఉండటం చిన్న లోటు కాదు.

ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. మతిమరుపు వ్యాధి ఉన్నవారిని ఇంట్లో చూసుకుంటున్న 220 మంది కుటుంబ సభ్యులను అడిగి, 2009లో ఒక అధ్యయనం ప్రచురించారు. సగం మందికి పైగా తాము ఏదో ఒక రకంగా అరిచామనో, బెదిరించామనో, కసురుకున్నామనో తామే ఒప్పుకున్నారు. వీళ్లు రాక్షసులు కారు. నిద్ర లేక, సాయం లేక, ఒకే ప్రశ్నకు రోజుకు యాభైసార్లు జవాబు చెప్పి అలిసిపోయినవారు. సంస్థల్లో పనిచేసేవారి సంగతి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. గత ఏడాదిలో ఏదో ఒక దుష్ప్రవర్తనకు పాల్పడ్డామని ముగ్గురిలో ఇద్దరు సిబ్బంది ఒప్పుకున్నారు. అందుకే 'చెడ్డవాళ్లను పట్టుకోండి' అని మాత్రమే చెప్పే శిక్షణ సగం మాటే చెబుతుంది. నాకు సహనం పోతోంది, ఈ రాత్రి ఇంకొకరిని పంపండి అని సిగ్గుపడకుండా అడగడం కూడా నేర్పాలి. అడిగితే పంపేవాళ్లూ ఉండాలి.

వలస వెళ్లిన మనవాళ్లకు ఇక్కడ ఇంకో ముడి ఉంది. కేర్ వర్కర్ వీసా ఒక యజమాని స్పాన్సర్‌షిప్ మీద ఆధారపడుతుంది. ఉద్యోగం పోతే కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోడానికి సాధారణంగా 60 రోజుల గడువు దొరుకుతుంది. అప్పు చేసి, పొలం అమ్మి వెళ్లినవారికి ఆ 60 రోజుల భయం ఎంతటిదో ఊహించండి. తాను పనిచేసే చోట ముసలాయన్ను మోటుగా లాగడం కళ్లారా చూసినా నోరు పెగలదు. ప్రజాహితం కోసం చెప్పినవారిని కాపాడే చట్టం అక్కడ 1998 నుంచి ఉంది. చట్టం ఉన్నంత మాత్రాన వీసా భయం పోదు. విదేశాల నుంచి కేర్ వర్కర్లను కొత్తగా తీసుకోవడం 2025 జులైలో ఆపేశారు. ఇప్పటికే అక్కడున్నవారి పరిస్థితి మాత్రం అలాగే ఉంది. శిక్షణలో ఈ భయాన్ని పేరు పెట్టి మాట్లాడని శిక్షకులు, సగం తరగతిని వదిలేసినట్టే.

ఇప్పుడు మన ఇళ్ల సంగతి. మనకు చట్టాలు లేకపోలేదు. తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. మన దగ్గర ఆర్డీఓ ముందుకు వెళ్తే, పిల్లల నుంచి నెలకు గరిష్ఠంగా రూ.10,000 దాకా భరణం ఇప్పించవచ్చు. చూసుకుంటామన్న షరతుతో రాయించుకున్న ఆస్తి, చూసుకోకపోతే 23వ సెక్షన్ కింద రద్దు చేయవచ్చు. వృద్ధులను వదిలేస్తే మూడు నెలల దాకా జైలు, రూ.5,000 దాకా జరిమానా, లేదా రెండూ. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 7వ సెక్షన్ ఇంకా ముందుకెళ్లింది. దివ్యాంగుల మీద హింస జరుగుతోందని నమ్మకం కలిగిన ఎవరైనా ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్‌కు చెప్పవచ్చంది. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడిలో మంటలు లేస్తే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది మానసిక రోగులు తప్పించుకోలేక కాలిపోయారు. మానసిక రోగులను గొలుసులతో కట్టడాన్ని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం పూర్తిగా నిషేధించింది.

లేనిది మధ్య మెట్టు. 2007 చట్టం కింద ఎక్కువగా ఫిర్యాదు చేయాల్సింది బాధితులే, లేదా వాళ్లు అధికారమిచ్చినవారు. ట్రిబ్యునల్ తనంతట తాను కేసు తీసుకోవచ్చని ఉంది. అయితే దాని చెవిన వేసేదెవరు? ఇంట్లో ముసలమ్మకు రోజూ స్నానం చేయించే అటెండెంట్ ఒంటి మీద గుర్తులు చూస్తుంది. నెలనెలా పెన్షన్ ఇచ్చేవారు, ఆ డబ్బు ఎవరి చేతికి పోతోందో చూస్తారు. ఆశా కార్యకర్తకు వీధిలో ఏ ఇంటి తలుపు పగలు బయటి నుంచి గడియ వేసి ఉంటుందో తెలుసు. ఇన్ని కళ్లు చూస్తున్నాయి, చెప్పాల్సిన విధి మాత్రం ఎవరికీ లేదు. ఇంటికొచ్చి సేవచేసే ఏజెన్సీలను నమోదు చేసి, కనీస ప్రమాణాలు పెట్టే సవరణ బిల్లును 2019లో లోక్‌సభ ముందు పెట్టారు, అది చట్టం కాకుండానే కాలం చెల్లింది.

వృద్ధాప్యం మీద 2017-18లో దేశవ్యాప్తంగా జరిగిన లాసీ సర్వేలో 60 దాటినవారిలో 5 శాతం మంది, గత ఏడాదిలో తమను సరిగా చూడలేదని చెప్పారు. ఇంటివాళ్లు వింటుండగా కోడలి మీద, కొడుకు మీద ఎంతమంది నోరు విప్పుతారు? ఆ 5 శాతాన్ని నేను కనీస లెక్కగానే చూస్తాను.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో 12 గంటల, 24 గంటల డ్యూటీలకు అటెండెంట్లను పంపే ఏజెన్సీలు పెరిగాయి. పిల్లలు అమెరికాలోనో ఇంగ్లండ్‌లోనో ఉంటారు. సెల్‌ఫోన్‌లో కెమెరా చూసుకుంటే సరిపోతుందనుకుంటారు. గదిలో కెమెరా ఉంటే కొట్టడం ఆగొచ్చు, కానీ బట్టలు మార్చుకునే గదిలో ఇరవై నాలుగు గంటలూ కెమెరా పెడుతున్నామని ఆ తల్లికి చెప్పామా, ఆమె ఒప్పుకుందా? రోజుల తరబడి సెలవు లేకుండా ఒకే అమ్మాయిని ఇరవై నాలుగు గంటల డ్యూటీలో పెట్టి, ఆమెకు కోపం రాకూడదనడం కూడా అన్యాయమే. ట్యూబు లాక్కుంటున్నాడని రోగి చేతులు మంచానికి కట్టేయడం మన వార్డుల్లో మామూలు. డాక్టరు చెప్పకుండా, ఎంతసేపో రాయకుండా కట్టడం తప్పని చెప్పే పాఠం ఆ అటెండెంట్‌కు ఎవరూ చెప్పలేదు.

మన దగ్గర ఈ శిక్షణ పెట్టాలంటే ఇంగ్లండ్ స్లైడ్లు తెలుగులోకి తిప్పి లాభం లేదు. ఖాళీ కాగితం మీద వేలిముద్ర వేయించుకోవడం, ఏటీఎం కార్డు కోడలి పర్సులో ఉండటం, వితంతువైన అత్తను పెళ్లిళ్లకు దూరం పెట్టడం, మతి తప్పిన అక్కను పశువుల కొట్టం పక్క గదిలో పెట్టి తాళం వేయడం మన ఉదాహరణలు. రెండు గంటలు చాలవు, ఎదురెదురుగా కూర్చుని, జరిగిన సంగతులు చెప్పుకుంటూ నడపాలి. అంతకు ముందు ప్రభుత్వాలు చేయాల్సింది, ప్రతి మండలంలో ఒక అధికారికి వచ్చిన ప్రతి మాటకూ ఇన్ని రోజుల్లో ఇంటికి వెళ్లి చూసి తీరాలన్న విధి పెట్టడం, చెప్పినవారి పేరు బయటికి రాకుండా చూడటం. ఇవి లేకుండా వేలమందికి సర్టిఫికెట్లు పంచితే, గుర్తుపట్టి ఏమీ చేయలేని మనుషులను తయారుచేసినట్టవుతుంది.

ప్రభుత్వం కదిలేదాకా ఆగనక్కర్లేని పనులు కొన్ని ఉన్నాయి. అటెండెంట్‌ను పెట్టుకునేటప్పుడు, హింసను గుర్తుపట్టడం, చెప్పడం మీద ఏం నేర్పారని ఏజెన్సీని అడగండి. ఆమెకు వారానికో రోజు సెలవివ్వండి. అమ్మతో నెలకోసారైనా, పక్కన వేరేవారు లేకుండా మాట్లాడండి, నీకేం కావాలని అడగండి. వృద్ధుల సహాయ కేంద్రం ఎల్డర్‌లైన్ నంబరు 14567ను ఆమె ఫోన్లో వేయించండి, ఆ ఫోన్ ఆమె చేతికి అందేలా ఉంచండి. ఆ నంబరు ఉదయం 8 నుంచి రాత్రి 8 దాకా పనిచేస్తుంది. ప్రాణం మీదికొస్తే ఏ వేళైనా 112కు ఫోన్ చేయాలి.